రెండు మామిడి పెట్టెల మధ్య జాగా

ఈ మధ్య అంగన్‌వాడీలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. "మీ అనుభవం ఏదైనా చెప్పండి మేడం, రాసుకుంటాం" అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. సగంలో లేచి వంటింట్లోకి వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ వీధి గుమ్మం దాకా వెళ్ళాను. "కూర్చోండి మేడం" అని నవ్వారు వాళ్ళు. చిన్నప్పటి నుంచీ నాకు ఒక చోట కాలు నిలవదు, నిజమే. కానీ ఆ రోజు లేచి తిరిగింది అలవాటు వల్ల కాదు. అసలు చెప్పాల్సిన మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా లేచిపోతున్నానని నాకే తెలిసింది. అందుకే రాస్తున్నాను. కాగితం ముందు కూర్చుంటే లేచిపోవడం కాస్త కష్టం.

ఎన్నేళ్ళు చేశాను, ఎప్పుడు ఏ ఆర్డరు వచ్చింది, ఇవేవీ రాయను. అవి ఆఫీసు బీరువాలో ఎలాగూ ఉంటాయి. ఒక పాప గురించి రాస్తాను. పేరు దుర్గ. ఆ పాప ఎడమ పిక్క మీద ఒక మచ్చ ఉంది. దానికి కారణం నేను.

నా చదువు

నేను బడికి వెళ్ళలేదు. చిన్నతనంలో ఆయాసం ఉండేది, నాలుగడుగులు పరిగెత్తితే ఊపిరి అందేది కాదు. మా నాన్నగారు మామిడి తోట కాపలాకి వెళ్తూ నన్ను వెంట తీసుకెళ్ళేవారు. పాకలో పలక, పక్కన భజన పుస్తకం. అక్షరాలు త్వరగానే పట్టుబడ్డాయి. కూడికలు మాత్రం రెండేళ్ళు రాలేదు. నాన్నగారు నన్ను ఒక్కసారి కూడా "ఈ వయసుకి రావాలి కదే" అనలేదు. ఒక వేసవిలో గాలివాన వచ్చి కాయ రాలింది. రాలిన కాయలు కుప్పలు పెడుతుంటే, ఏ కుప్పలో ఎన్ని ఉన్నాయో నా వేళ్ళకే తెలిసిపోయింది. ఆ సాయంత్రం పలక మీద లెక్కలన్నీ వచ్చేశాయి. రెండేళ్ళు రానిది ఒక్క పూటలో ఎలా వచ్చిందని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. దేవుడికి దణ్ణం పెట్టుకుని ఇంటికి వచ్చాం.

ఇది నాకే జరిగింది. అయినా ఉద్యోగంలో చేరగానే మర్చిపోయాను.

తర్వాత టెన్త్ ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. పెళ్ళయి నూజివీడు పక్క పల్లెకు వచ్చాను. ఎనభైల మొదట్లో మా ఊళ్ళో అంగన్‌వాడీ పెట్టి నన్ను టీచరుగా తీసుకున్నారు. బడి గడప తొక్కని మనిషిని పదిమంది "టీచరమ్మా" అని పిలుస్తుంటే నేల మీద కాళ్ళు ఆనేవి కావు. ఆ పిలుపు ఇచ్చిన స్వామికి ఇప్పటికీ రోజూ దీపం దగ్గర కృతజ్ఞత చెప్పుకుంటాను. ఆ పిలుపుతో నేను ఏం చేశానో కూడా చెప్పుకుంటాను.

గడులు

మాకు ఒక చార్టు ఇచ్చారు. తల నిలపడం, బోర్లా పడటం, కూర్చోవడం, పాకడం, పట్టుకుని నిలబడటం, నడవడం. ఒక్కోదాని ఎదురుగా నెలలు, నెలల పక్కన గడి. పిల్ల చేస్తే టిక్కు, చెయ్యకపోతే ఇంటూ. నాకు ఆ చార్టు ఎంత నచ్చిందంటే, మా దేవుడి పటం పక్కనే గోడకు తగిలించాను. నెల రాగానే పిల్లలందరిలో గడియారం గంట కొట్టినట్టు ఒకే పని జరుగుతుందని నమ్మాను. కొట్టకపోతే గడియారంలో లోపం.

మా సూపర్‌వైజరు మేడం గట్టి మనిషి. జీపులోంచి దిగుతూనే రిజిస్టరు అడిగేవారు. "ఖాళీ గడి కనపడిందంటే నువ్వు ఆ ఇంటికి వెళ్ళలేదని అర్థం" అనేవారు. ఆ భయంతో నేను ఎండనక వాననక తిరిగాను. మంచిదే. కానీ గడి నింపడానికి తిరగడం వేరు, పిల్లని చూడటానికి తిరగడం వేరు. ఆ తేడా నాకు ఆవిడ చెప్పలేదు. చెప్పినా అప్పుడు ఎక్కేది కాదేమో.

షెడ్డులో గంప

మా ఊరికీ నూజివీడుకీ మధ్య రోడ్డు పక్కన ఒక షావుకారు గారి మామిడి షెడ్డు ఉండేది. ఉగాది వెళ్ళింది మొదలు మృగశిర కార్తె దాకా మా ఊరి ఆడవాళ్ళలో సగం మంది అక్కడే. బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ వేరు చెయ్యడం, మచ్చ కాయ ఏరి పక్కన పెట్టడం, చెక్క పెట్టెల్లో గడ్డి వేసి సర్దడం. షెడ్డంతా మోకాలి లోతు వరిగడ్డి, దాని మీద కాయ. పైన బరువులతో హమాలీలు.

అక్కడ నాగమణి అనే అమ్మాయి పనిచేసేది. ఇరవై ఏళ్ళుంటాయి. ఆమె కూతురే దుర్గ. ఏడాది నిండి మూడు నెలలైంది. బొద్దుగా, తెల్లగా, బుగ్గల మీద రసం కాయ జిగురు. నాగమణి ఆ పిల్లని ఒక పాత కాయల గంపలో కూర్చోబెట్టేది. అడుగున గడ్డి, గడ్డి మీద పాత చీర. నడుము చుట్టూ చీరపేలిక చుట్టి గంపకు కట్టేది. మరి ఏం చేస్తుంది? కింద వదిలితే హమాలీ కాలి కింద పడుతుంది, లేదా కాయ సొన అంటి ఒళ్ళు కాలుతుంది. గడ్డిలో తేళ్ళు కూడా ఉండేవి. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా దుర్గ లోకం ఆ గంపే.

నేను రిజిస్టరు తీసుకుని షెడ్డుకి వెళ్ళాను. కట్టు విప్పి పిల్లని ఎత్తి, గడ్డి మీద నిలబెట్టాను. కాళ్ళు మడతపడి కూలబడింది. మళ్ళీ నిలబెట్టాను. మళ్ళీ అంతే. మూడోసారి ఏడుపు. రాశాను: నిలబడటం, ఇంటూ. నడవడం, ఇంటూ. పక్కన ఉన్న ఖాళీలో, అడగకుండానే, "లోపం ఉన్నట్టు అనుమానం" అని సిరాతో రాశాను. రాసి ఊరుకోలేదు.

"నాగమణీ, ఈ పిల్లకి కాళ్ళు రాలేదమ్మా. ఏదో లోపం ఉన్నట్టుంది" అన్నాను.

చుట్టూ ఇరవై మంది ఆడవాళ్ళున్నారు. కాయలేరే చేతులు ఆగిపోయాయి. నాగమణి పిల్లని తీసుకుని మళ్ళీ గంపలో పెట్టి కట్టింది. ఈసారి ఇంకొంచెం బిగించి కట్టింది.

మెత్తటి గడ్డి మీద నేను నిలబడ్డా తూలుతాను. ఆ రోజు కూడా తూలి, ఒక చేత్తో స్తంభం పట్టుకునే ఆ పిల్లకి పరీక్ష పెట్టాను. అది నాకు తోచలేదు.

మాట నడిచింది

పిల్ల నడవలేదు కానీ నా మాట ఆ సాయంత్రానికే ఊరంతా నడిచింది. నాగమణి అత్తగారు అచ్చమ్మ మనవరాలి అడుగుల కోసం ఆర్నెల్లుగా ఎదురుచూస్తోంది. మా వైపు పిల్లలు మొదటి అడుగులు వేస్తే అరిసెలు వండి, వాటి మీద అడుగు వేయించి, ఇంటింటికీ పంచుతాం. ఆవిడ కొత్త బెల్లం ముందే తెచ్చి అటక మీద పెట్టుకుంది. టీచరమ్మే లోపం అందంటే ఇంకేముందని, పిల్లలకు వాతలు పెట్టే తాత దగ్గరికి తీసుకెళ్ళడానికి నిశ్చయం చేసింది. కాలే పసుపు కొమ్ము పిక్కల మీద పెడితే నరాలు లేచి పిల్ల నడుస్తుందని నమ్మకం. ఆ తాత ఉండే ఊరి పేరు ఇప్పుడెందుకు.

శుక్రవారం మా ఆయా మరియమ్మ చెప్పింది. "టీచరమ్మ గారూ, ఎల్లుండి ఆదివారం దుర్గకి వాతలంట. మీరు రాసిచ్చారంట గదా?"

"నేనెక్కడ రాసిచ్చాను?"

"ఏమోనండీ. చీటీ రాసిచ్చారనే అనుకుంటన్నారు అందరూ."

ఆ రాత్రి నిద్ర లేదు. శనివారం మధ్యాహ్నం పిల్లలకు అన్నం పెట్టించి షెడ్డుకి పరిగెత్తాను. నాగమణి తొట్టి దగ్గర ఉంది. షెడ్డు వెనక, సొన అంటిన చేతులు కడుక్కోవడానికి ఒక సిమెంటు తొట్టి ఉండేది. ఎండకి ఒళ్ళు పేలిన పిల్లలకు మధ్యాహ్నం అందులోనే నీళ్ళాడించేవాళ్ళు.

"నాగమణీ, నీకు ఇష్టమేనా ఇది?"

"నా ఇష్టం ఎవరడిగారండీ? ఆ ఏడుపు నేను వినలేను, రానన్నాను. నువ్వు రావొద్దులే అన్నారు వాళ్ళూ."

మాట్లాడుతూనే దుర్గని చంకల కింద పట్టుకుని నీళ్ళలోకి దింపింది. నడుం లోతు నీళ్ళు. పాదాలు అడుగుకి తగిలాయి. కుడి కాలు లేచింది, దిగింది. ఎడమ కాలు లేచింది, దిగింది. మళ్ళీ కుడి కాలు. తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు పిల్ల నడిచిపోతోంది, తల్లి పక్కనే వంగి జరుగుతోంది.

"ఇది ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఏదండీ?"

"ఈ అడుగులు!"

"అడుగులా? ఆట గదండీ అది. రోజూ ఆడుద్ది. నీళ్ళలో ఇంత హుషారుగా ఉంటదా, బయటికి తీస్తే సున్నం ముద్దలా కూర్చుంటది."

నీళ్ళు ఆ బొద్దు పిల్ల బరువు మోస్తున్నాయి. గట్టి అడుగు కాళ్ళకి ఆనుతోంది. తల్లి చేతులు ఒళ్ళు నిలుపుతున్నాయి. కాళ్ళకి నడక తెలుసు. నడవడానికి తోడు రావాల్సినవి గంపలో లేవు, అంతే.

నా రెండో తప్పు

మొదటి తప్పు తెలియక చేశాను. రెండోది తెలిసి చేశాను. ఆ క్షణమే అచ్చమ్మ ఇంటికి వెళ్ళాల్సింది. నేను నూజివీడు బస్సెక్కాను. రిజిస్టరులో సిరాతో రాసినది కొట్టెయ్యడానికి మేడం అనుమతి కావాలి, అది లేకుండా ఎవరికి ఏం చెప్పినా చెల్లదని నా భయం. పిల్ల కంటే ముందు కాగితం సరిచెయ్యాలనుకున్నాను.

మేడం ఇంటి దగ్గర గంట కూర్చున్నాను. ఆవిడ వచ్చాక గబగబా చెప్పాను. "మేడం గారూ, పిల్ల నీళ్ళలో నడుస్తోందండీ."

"నీళ్ళలో నడవడం అనే గడి మన చార్టులో ఉందా?"

"లేదండీ."

"మరి? రాసింది కొట్టకూడదు. వచ్చే నెల చూసి కొత్తగా రాయి."

నేను తిరిగి మా ఊరు చేరేసరికి చీకటి పడుతోంది. అచ్చమ్మ ఇంట్లో దీపం లేదు. పొద్దున్నే మొదటి వరుసలో ఉండాలని సాయంత్రం బస్సుకే పిల్లని తీసుకుని వెళ్ళిపోయారు. అరుగు మీద నాగమణి ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్ళో ఖాళీ గంప.

ఆదివారం

పెళ్ళయ్యాక దీపం పెట్టకుండా ఇల్లు దాటింది ఆ ఒక్క రోజే. మొదటి బస్సు పట్టుకున్నాను. దిగి పొలం గట్ల మీద నడుస్తుండగానే ఏడుపు వినపడింది. పదిమంది పిల్లలు ఏడుస్తున్నా అది దుర్గదేనని తెలిసింది.

ఎడమ కాలికి అయిపోయింది. అచ్చమ్మ పిల్లని ఒళ్ళో అదిమిపట్టుకుని తనూ ఏడుస్తోంది. తాత రెండో కొమ్ము నిప్పుల్లో తిప్పుతున్నాడు. అచ్చమ్మ కొడుకు, దుర్గ తండ్రి, పక్కన తల దించుకుని నిలబడ్డాడు.

"ఆపండి! ఈ పిల్లకి లోపం లేదు" అన్నాను.

అచ్చమ్మ తలెత్తింది. "మీరే గదమ్మా ఉందన్నది?"

"నేనే అన్నాను. తప్పు చెప్పాను."

"చదువుకున్నోళ్ళు కూడా తప్పు చెప్తారా?"

"చెప్తాం పిన్నీ. చెప్పాను."

తాత నవ్వాడు. "ఒక కాలికి పెట్టి రెండో కాలికి పెట్టకపోతే పిల్ల కుంటిదవుద్ది. నీ ఇష్టం అచ్చమ్మా. రేపు ఈ టీచరమ్మ వచ్చి మోస్తదేమో అడుగు."

పశువులకు నీళ్ళు పెట్టే గోలెం ఒకటి కనపడింది. పిల్లని ఒళ్ళోంచి తీసుకుని అందులోకి దింపాను. చల్లటి నీళ్ళు తగలగానే కాలిన కాలు పైకి ముడుచుకుంది. అరిచింది. నేను వదల్లేదు. మనసులో స్వామిని ఏం అడిగానో రాయలేను. నడిపించమని మాత్రం అడగలేదు, సిగ్గేసింది. కాసేపటికి ఏడుపు సన్నగిల్లింది. మంట తగ్గిందేమో, కాలు మెల్లిగా కిందికి దిగింది. కుడి కాలు లేచింది. తర్వాత ఎడమది, కాలినది. మూడు అడుగులు. అంతే.

అచ్చమ్మ చూసింది. తాత కూడా చూశాడు, నిప్పుల వైపు తిరిగాడు. ఆవిడ పమిట చెంగుతో పిల్ల కాళ్ళు తుడిచి, "పద ఇంటికి" అని కొడుకుతో అంది. బస్సులో ఎదురు సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికే చూసింది.

పెట్టెల వరుస

సోమవారం మేడం జీపు షెడ్డు ముందు ఆగింది. ఎవరు చెప్పారో తెలియదు. ఆవిడ నన్ను ఏమీ అనలేదు, తన మాట గురించీ ఏమీ అనలేదు. షావుకారు గారిని పిలిచి, ఒక మూల గడ్డి తీయించి నేల ఊడిపించమన్నారు.

"నా షెడ్డుని బాలవాడి చేస్తారేంటండీ?" అన్నాడాయన.

"సీజను అయ్యేదాకే. పిల్లలు కళ్ళెదుట ఉంటే మీ ఆడాళ్ళు గంటకోసారి చేతులు ఆపి గంప చూడక్కర్లేదు. పని మీకే సాగుతుంది."

ఆ లెక్క ఆయనకి నచ్చింది. గట్టి నేల, మూడు వైపులా ఖాళీ చెక్క పెట్టెలు దగ్గర దగ్గరగా వరుసగా. పెట్టె ఎత్తు దుర్గ రొమ్ము దాకా వచ్చేది. ఆ మూలకి మేడం పేరేమీ పెట్టలేదు, రిజిస్టరులో రాయనూ లేదు. ఆవిడకి నేను రుణపడి ఉన్నాను. ఆవిడ మీద నాకు కోపమూ పోలేదు. రెండూ నిజమే.

పుండు మానే పది రోజులూ పిల్ల కాలు కింద పెట్టలేదు. తర్వాత ఒకరోజు పెట్టె అంచు పట్టుకుని లేచింది. మేం చప్పట్లు కొట్టాం. మర్నాడు లేవలేదు. ఆ మర్నాడు పాకడం కూడా మానేసి కూర్చుండిపోయింది. మూడో రోజు రెండుసార్లు లేచి నాలుగుసార్లు పడింది. తిండి సరిగ్గా లేదు, చీటికీ మాటికీ ఏడుపు, చేతికందిన కాయ విసిరెయ్యడం. నాగమణి బెంబేలెత్తిపోయింది.

"దిష్టి తగిలిందండీ. మీరందరూ చప్పట్లు కొట్టారు గదా. నిన్న వచ్చింది ఇవాళ పోయింది."

నాకూ అదే భయం. సెంటరులో అన్నం పెడుతూ మధ్యలో షెడ్డుకి పరిగెత్తడం, చూడటం, వెనక్కి రావడం. మరియమ్మ విసుక్కుంది: "పిల్ల కంటే మీకే ముందు కాళ్ళొచ్చినట్టున్నాయి."

ఈ ఉద్యోగంలో కొత్తగా చేరేవాళ్ళకి నేను ఒక్కటే గట్టిగా చెప్పగలను. ఆ గందరగోళం చూసి భయపడకండి. పాత పద్ధతి ఊడిపోతోంది, కొత్తది ఇంకా పట్టుబడలేదు. ఆ మధ్యలో ఒకరోజు ముందుకీ ఒకరోజు వెనక్కీ ఊగుతారు పిల్లలు. నిమ్మళంగా గంపలో కూర్చున్న దుర్గని చూసి నేను కంగారు పడాల్సింది. పెట్టెల దగ్గర చిరాకు పడుతున్న దుర్గని చూసి కాదు.

మృగశిర దగ్గర పడింది, కాయ అయిపోవచ్చింది. చివరి లారీ లోడు అవుతోంది. పెట్టెలు తక్కువ పడి ఒక హమాలీ మా వరుసలోంచి రెండు ఎత్తుకుపోయాడు. వరుస మధ్యలో జాగా పడింది. పెట్టెల వెంట పట్టుకుని నడుస్తూ వచ్చిన దుర్గ ఆ జాగా దగ్గర ఆగిందట. అవతలి పెట్టె మీద ఎవరో పెట్టిన రసం కాయ ఉందట. చెయ్యి వదిలింది, రెండడుగులు వేసింది, అవతలి పెట్టె పట్టుకుంది.

"ఆగిందట", "ఉందట" అని ఎందుకు రాస్తున్నానంటే, నేను చూడలేదు. ఆ మూలలోనే ఉన్నాను. తల వంచుకుని రిజిస్టరు రాస్తున్నాను. ఆడవాళ్ళ కేకలు విని తలెత్తేసరికి దుర్గ కాయ కొరుకుతోంది.

ఎవరు నడిపించారు

అచ్చమ్మ అరిసెలు వండింది. దుర్గ చేత అడుగు వేయించింది. రెండు పొట్లాలు ప్రత్యేకంగా కట్టింది. ఒకటి నాకు పంపింది. రెండోది వాతల తాతకి.

"ఒక్క వాతకే నడిచింది. మీరు అడ్డం పడకుండా ఉంటే పరిగెత్తేది" అంది నాతో, నవ్వుతూనే.

నాగమణి పెట్టెల వల్ల అంది. షావుకారు గారు తన షెడ్డు వల్ల అన్నారు. హమాలీ తాను ఎత్తుకెళ్ళిన రెండు పెట్టెల వల్ల అని కల్లు దుకాణం దగ్గర చెప్పుకున్నాడట. ఎవరి మాటా పూర్తిగా తప్పని నేను నిరూపించలేకపోయాను. ఎండలకి పిల్ల ఒళ్ళు కాస్త తగ్గింది. కాళ్ళు గట్టిపడ్డాయి. నేల గట్టిది. పెట్టె ఎత్తు సరిపోయింది. కాయ కనపడింది. జాగా రెండడుగులే ఉంది. ఇవన్నీ ఒక్క మధ్యాహ్నం కలిశాయి. అందులో ఏ ఒక్కటీ పెత్తందారు కాదు.

కానీ ఊరికి ఒక్క కారణం కావాలి. ఆ ఏడు మా ఊరి నుంచి ఇంకో ముగ్గురు పిల్లల్ని వాతలకి తీసుకెళ్ళారు, దుర్గని చూపించి. ఆ ముగ్గురి ఇళ్ళకీ నేను వెళ్ళాను. ఇద్దరి దగ్గరికి ఆలస్యంగా వెళ్ళాను. ఆ తర్వాత ఏ ఇంట్లో పిల్ల నడవలేదని తెలిసినా, తొట్టి ఉందా, నేల ఎలా ఉంది అంటూ తిరిగేదాన్ని. "తొట్టి టీచరు" అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను.

ఆ గర్వంతో ఇంకో తప్పు చేశాను, అదీ చెప్పాలి. ఒక బాబుకి నిజంగానే కాళ్ళలో బలం లేదు. నీళ్ళలో దింపినా కాళ్ళు వేలాడేవి. నేను పెట్టెలు సర్దుతూ, రేపో మాపో అంటూ రెండు నెలలు గడిపాను. నర్సమ్మ వచ్చి చూసి, "ఆసుపత్రికి ఎందుకు పంపలేదు?" అని అందరి ముందూ కడిగేసింది. ఆ తిట్టుకి ఇప్పటికీ ఆవిడకి దణ్ణం పెడతాను. చార్టుని గుడ్డిగా నమ్మడం ఎంత తప్పో, తొట్టిని గుడ్డిగా నమ్మడమూ అంతే తప్పు.

ఎనభైల చివర్లో పిల్లల పెంపకం మీద కాలేజీలో చదువుకునే అమ్మాయి ఒకతె మా సెంటరుకి పని చూడటానికి వచ్చింది. దుర్గ సంగతి విని ఎగిరి గంతేసింది. "ఆంటీ, దీన్నే డైనమిక్ సిస్టమ్స్ అంటున్నారు ఇప్పుడు" అంది. పిల్ల లోపల నడక అనేది ముందే చుట్టిపెట్టి ఉండదు, ఒళ్ళు, బరువు, నేల, కోరిక, పక్కనున్న మనిషి, అన్నీ ఆ క్షణాన కలిసి నడకని పుట్టిస్తాయి, ఒక్క చిన్నది మారినా మొత్తం మారిపోవచ్చు అని చెప్పింది. కూడికలు వచ్చిన సాయంత్రం గుర్తొచ్చింది నాకు.

"అందులో దేవుడి పేరు ఉందా అమ్మా?" అన్నాను.

"లేదు ఆంటీ" అని నవ్వింది.

"పోనీలే. ఆ హమాలీ పేరైనా ఉండాల్సింది" అన్నాను.

మళ్ళీ దుర్గ

నేను రిటైరయ్యే ముందు, సెంటరులో ఒకరోజు ఒక అమ్మాయి పిల్లవాణ్ణి ఎత్తుకుని వచ్చింది. చూడగానే పోల్చుకున్నాను, అవే బుగ్గలు. దుర్గ. ఉంగుటూరు వైపు ఇచ్చారు, కాన్పుకి వచ్చి ఇక్కడే ఉండిపోయిందని విన్నాను.

"టీచరమ్మ గారూ, వీడికి ఏడాది దాటింది, నిలబడట్లేదండీ. మా అత్త వాత పెట్టిద్దామంటోంది. నాకూ వాతకేనంట గదా కాళ్ళొచ్చింది?" అని చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి చూపించింది. ఎడమ పిక్క మీద చింతగింజంత మచ్చ, పిల్లతో పాటు సాగి కొంచెం పెద్దదైంది.

లేచి నీళ్ళు తెస్తానన్నాను. రెండడుగులు వేసి ఆగాను. వెనక్కి వచ్చి కూర్చున్నాను. అన్నీ చెప్పాను. గడ్డి, సిరా, ఇరవై మంది ముందు నేనన్న మాట, నూజివీడు బస్సు. అప్పటిదాకా ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

తన కాలి వైపు చూసుకుంది. "అయితే ఈ మచ్చ మీదేనాండీ?"

"నాదే అమ్మా."

ఏడుస్తుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. పిల్లవాణ్ణి చంకలోంచి దింపి నా ఎదురుగా నేల మీద కూర్చోబెట్టింది.

"అయితే మీరే చూడండి."

రిజిస్టరు బల్ల మీద ఉంది. తెరవలేదు. నేల మీద వాడికి ఎదురుగా నేనూ కూర్చుని అడిగాను:

"పగలంతా వీడు ఎక్కడ కూర్చుంటాడమ్మా?"